ఇది కొక్కెర తెగులు కాదమ్మా.. మీరు వేసే చిరుతిళ్ల ఫలితం

ప్రశ్న: మా పెరట్లో ఏడాది వయసున్న 12 గ్రామప్రియ రకం పెట్టలుండేవి. అమ్మకానికి కాదు, ఇష్టంతో పెంచుకుంటున్నాం. లేయర్ దాణా (గుడ్ల కోళ్ల మేత) తెస్తున్నాం కానీ సరిగా తినడం లేదు. అందుకని పొద్దున మిగిలిన అన్నం, మధ్యాహ్నం పల్లీలు వేస్తాం. సాయంత్రం పిల్లలు బిస్కెట్లు పెడతారు. నెల రోజులుగా తోలుగుడ్లు (గట్టి పెంకు లేని మెత్తటి గుడ్లు) వస్తున్నాయి. వారం తేడాతో రెండు పెట్టలు ఉన్నట్టుండి చనిపోయాయి. కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే అంటువ్యాధి) అని మందుల షాపులో చెబితే యాంటీబయోటిక్ పొడి, కాల్షియం టానిక్ ఇచ్చారు. ఐదు రోజులు వాడినా గుణం లేదు. రెండో కోడిని కోసి ఫొటోలు తీసి పంపుతున్నాం. ఏం చేయాలి?
- ఒక మహిళా రైతు, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, ఇది కొక్కెర కాదు. టీకా లేని మందలో కొక్కెర పడితే వారానికొకటి చొప్పున చావవు, నాలుగైదు రోజుల్లో గంప ఖాళీ అవుతుంది. ఆకుపచ్చ విరేచనాలు, మెడ మెలి తిరగడం, నోరు తెరిచి ఎగశ్వాస కనిపిస్తాయి. మీ ఉత్తరంలో ఇవేవీ లేవు.

కోసిన కోడిని ఫొటో తీసి మంచి పని చేశారు, జబ్బు అందులోనే కనబడింది. పొట్ట లోపల వేలెడు మందాన పసుపు పచ్చని కొవ్వు పేరుకుని ఉంది. కార్జం (కాలేయం) ముదురు ఎరుపులో ఉండాల్సింది బంకమట్టి రంగుకు తిరిగింది. దాని మీద నల్లగా గడ్డకట్టిన నెత్తురు. కొవ్వు పట్టిన కార్జం పెళుసై, గుడ్డు పెట్టే శ్రమకో మధ్యాహ్నపు ఎండకో చిట్లి, లోపలే రక్తం కారి చనిపోయింది. తల మీది ఎర్రటి జుట్టు పాలిపోయి ఉండటం కూడా అందుకే. బాగా బలిసిన పెట్టలే ఇలా పోతాయి. మొదటిదాన్ని చూడలేదు కాబట్టి దాని సంగతి ఖాయంగా చెప్పలేను, కానీ అదీ ఇలాగే పోయి ఉంటుందని నా అనుమానం.

దాణా తినడం లేదంటున్నారు. కడుపు అన్నంతో, పల్లీలతో నిండిపోయాక ఏ కోడీ దాణా ముట్టదు. గుడ్లు పెట్టే పెట్టకు రోజుకు 110 నుంచి 120 గ్రాముల మేత చాలు. లేయర్ దాణాలో మాంసకృత్తులు 16-17 శాతం, కాల్షియం మూడున్నర శాతం పైన ఉంటాయి. అంటే 115 గ్రాములు తింటే దాదాపు 4 గ్రాముల కాల్షియం అందుతుంది, అందులో సగం ఒంటబడుతుంది. ఒక గుడ్డు పెంకుకు కావలసింది ఇంచుమించు అంతే. వండిన అన్నంలో మూడింట రెండు వంతులు నీరే, మాంసకృత్తులు మూడు శాతం కూడా ఉండవు, కాల్షియం లేనట్టే. పల్లీలో సగం నూనె. అన్నంతో సగం కడుపు నింపితే పెంకుకు కావలసిన కాల్షియంలో సగమే అందుతుంది. మిగతాది పెట్ట తన ఎముకల్లోంచి తీస్తుంది. అదీ అయిపోయాక తోలుగుడ్డు పెడుతుంది, ఆ తర్వాత కాళ్లు పడిపోతాయి.

ఇక చేయాల్సింది చెబుతాను. వంటింటి కాటా మీద తూచండి, గుప్పెడు లెక్క వద్దు. మిగిలిన 10 పెట్టలకు రోజుకు 1,150 గ్రాముల లేయర్ దాణా. పొద్దున్నే నాలుగింట మూడొంతులు వేయండి, మిగతాది సాయంత్రం నాలుగింటికి. చిరుతిండి ఏదైనా సరే రోజుకు మొత్తం 100 గ్రాములు దాటకూడదు, అదీ దాణా తిన్నాక, సాయంత్రమే. ఉన్నపళంగా అన్నీ ఆపకండి, వారం రోజుల్లో కొంచెం కొంచెంగా తగ్గించండి. రెండు మూడు రోజులు గిన్నె చుట్టూ తిరిగి అరుస్తాయి, మనసు కరిగి మళ్లీ అన్నం వేయొద్దు. బలిశాయి కదా అని పస్తులు పెట్టడం కూడా తప్పే.

బిస్కెట్లు, పచ్చళ్లు, కారప్పూస, చాక్లెట్ పూర్తిగా మానేయండి. నానబెట్టి ఉడికించని చిక్కుళ్లు, పచ్చబడిన బంగాళదుంప తొక్కలు విషమే. బూజు పట్టిన మొక్కజొన్న, పల్లీలు ఇంట్లో మనుషులకు పనికిరావని కోళ్లకు వేస్తుంటారు, ఆ బూజు విషం నేరుగా కార్జాన్నే దెబ్బతీస్తుంది.

పిల్లలకు చేత్తో తినిపించే సరదా ఉంటుంది, దాన్ని కాదనను. తోటకూర, మునగాకు కట్టగట్టి కోడి తల ఎత్తుకు వేలాడదీయండి, ఎగిరి పొడుచుకు తింటాయి. నీరే ఎక్కువ కాబట్టి ఆకుకూర 10 కోళ్లకు పావు కిలో దాకా ఆ 100 గ్రాములకు పైలెక్కన ఇవ్వొచ్చు. ఎండల్లో పుచ్చకాయ తొక్కలు కూడా మంచివే. మట్టి తవ్వితే వచ్చే చెదపురుగులు, వానపాముల కంటే కోడికి ఇష్టమైన తిండి లేదు.

ఆల్చిప్పల పొడి కాదు, పలుకులు తెచ్చి వేరే గిన్నెలో పెట్టండి. పెట్టకు 4-5 గ్రాముల చొప్పున, సాయంత్రం పూట. పెంకు తయారయ్యేది ఎక్కువగా రాత్రివేళ, అప్పుడు కడుపులో కాల్షియం ఉండాలి. దాణాలో కలిపేయకండి, అవసరమైన పెట్టే ఏరుకుని తింటుంది.

ఇప్పుడు ఆ మందుల సంగతి. కోడిని చూడకుండా, చచ్చినదాన్ని కోయించకుండా, కౌంటర్ మీద యాంటీబయోటిక్ పొడి చేతిలో పెట్టడం ఏమిటి? కొవ్వుకు యాంటీబయోటిక్ ఏం చేస్తుంది? ఆ ఐదు రోజులూ పెట్టిన గుడ్లు ఇంట్లో పిల్లలు తిన్నారో లేదో మీరు రాయలేదు. మందు వెంటనే ఆపండి. పొట్లం తీసుకెళ్లి మీ పశువైద్యాధికారికి చూపించి, గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో అడగండి, అప్పటిదాకా వచ్చే గుడ్లు పూడ్చిపెట్టండి. ఇంకో కోడి చనిపోతే మందుల షాపుకు కాదు, అదే పూట ఐస్ డబ్బాలో పెట్టి పశువైద్యశాలకు తీసుకెళ్లండి.

కొక్కెర కాదన్నాను కదా అని టీకాను మరిచిపోవద్దు. అసలు వేయించారా లేదా ఉత్తరంలో లేదు. వేయించకపోతే ఆ మాట కూడా అదే రోజు డాక్టరుకు చెప్పండి, గుడ్లు పెట్టే పెట్టలకు ఏ టీకా వేయాలో ఆయన చూసి చెబుతారు.

ప్రతి ఆదివారం రెండు పెట్టల్ని తూచి రాసుకోండి. ఫొటోలో కాటా మీదున్నది 2 కిలోల 700 గ్రాములు ఉంది. ఈ వయసు గ్రామప్రియ పెట్టకు రెండు కిలోలు అటూ ఇటూ చాలు. మూడు వారాల తర్వాత కూడా తోలుగుడ్లు ఆగకపోతే ఆ తూకాలతో, దాణా సంచి మీది లేబుల్ ఫొటోతో మళ్లీ రాయండి.