ముందు నాటకం, తర్వాతే శాలువాలు

బిడ్డా,

నిజామాబాద్‌లో మూడు రోజుల నాటకోత్సవం పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అన్నీ కొత్త నాటకాలేనట. రాసినవాళ్లంతా ఇంతవరకు స్టేజీ ఎక్కనివాళ్లేనట. బీడీలు చుట్టే ఆడవాళ్లు, చిందు భాగవతం ఆడే చిందోళ్ల ఇళ్ల పిల్లలు, తండా నుంచి వచ్చి డిగ్రీ చదువుతున్న అమ్మాయి, ఒక ట్రాన్స్‌జెండర్ కళాకారిణి. విన్నప్పటి నుంచి సంతోషం ఆగట్లేదు, టెన్షన్ కూడా ఆగట్లేదు. ఉద్యోగం చేసుకుంటూ ఇంత పని నెత్తినేసుకున్నావు, వేళకు తింటున్నావా అసలు? సరే, ఆ తిట్లు వచ్చాక తిడతాను. ముందు పని సంగతి.

హాలు ముందే మాట్లాడుకో, పోలీసు పర్మిషన్ కాగితం చేతిలో ఉంచుకో, జనరేటర్ పెట్టించు, మైకు సెట్టు వాళ్లకు అడ్వాన్స్ ఇచ్చి రసీదు తీసుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయమల్లా ఒక్కదాని గురించే. చాలా ఏళ్ల కిందట మన జిల్లాలోనే ఒక ఊళ్లో స్కూల్ గ్రౌండ్‌లో ఇట్లాంటి ఉత్సవమే జరిగింది. కమిటీ వాళ్లు చెడ్డవాళ్లేం కాదు, కొత్తవాళ్లను తేవాలని ఊరూరూ తిరిగారు. అట్లా దొరికింది ఒక బీడీ కార్మికురాలి నాటకం. ఆమెకు రాయడం పెద్దగా రాదు, తను చెబుతుంటే కూతురు నోట్‌బుక్‌లో రాసింది. బాలింత ఒకామె ఒళ్లో పిల్లను పెట్టుకుని బీడీలు చుడుతుంటుంది, బీడీలు తీసుకునే టేకేదారు ఆ కట్టల్లోంచి బాగాలేవని కొన్ని తీసి పారేస్తుంటాడు, పారేసినప్పుడల్లా ఆమె వేళ్ల మీద లెక్క మళ్లీ మొదటి నుంచి పెట్టుకుంటుంది. కథంతా అదే. రిహార్సల్‌లో అది చూసి మాలో ఎవరికీ మాట రాలేదు. ఆ రోజు మేకప్ నేనే వేశాను కాబట్టి గ్రీన్‌రూమ్‌లోనే ఉన్నాను.

స్టేజీ మీద నిజంగానే బీడీలు చుట్టాలని ఆమె పట్టుబట్టింది. చాట, కత్తెర, దారం, జర్దా అన్నీ ఇంటి నుంచే తెచ్చుకుంది. తునికాకు మెత్తగా ఉంటేనే చుట్టడానికి వస్తుంది, అందుకని నానబెట్టి తడిగుడ్డలో కట్టుకొచ్చింది. వాళ్ల నాటకం ఏడున్నరకని చెప్పారు. బయట దీపం వెలిగించారు, అతిథులు మాట్లాడారు, ఒకాయన తన చిన్నప్పటి నాటకాల గురించే చాలాసేపు మాట్లాడాడు, శాలువాలు, మెమెంటోలు, మళ్లీ ఫోటోల కోసం అందరూ స్టేజీ మీదకు. ఆ తర్వాత సీనియర్ బృందం నాటిక. కొత్తవాళ్లది చివర పెడితే అప్పటికి జనం బాగా నిండుతారని కమిటీ లెక్క. ఆమె మాత్రం లోపల కూర్చుని మూట విప్పి చూడటం, గుడ్డ మీద నీళ్లు చల్లడం, మళ్లీ కట్టడం. తొమ్మిదిన్నర దాటాక పిలిచారు. అప్పటికి పై ఆకులు ఎండిపోయాయి, మొదటి బీడీయే చేతిలో పుటుక్కున చిట్లింది. ఆమె ఇంకో ఆకు తీసుకుంది.

రాత్రి పదికి మైకు ఆగిపోయింది. ఆరుబయట రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకు పెట్టకూడదని 2000 నుంచీ రూల్ ఉంది, కానిస్టేబుల్ వచ్చి చెప్తే ఎవరైనా ఏం చేస్తారు? మైకు లేకుండానే చేద్దామని చూశారు. టెంట్ హౌస్ కుర్రాళ్లు వెనక నుంచి కుర్చీలు మడిచి బండిలోకి ఎత్తుతున్నారు, ఆ టపటపలో ఆమె గొంతు ముందు వరుసకు కూడా వినపడలేదు. సగంలో లేచి చాట తీసుకుని లోపలికి వచ్చేసింది. మరుసటేడు కమిటీ వాళ్లు వెళ్లి పిలిస్తే, బీడీలు అప్పజెప్పేది ఉంది, రానని చెప్పిందట. తర్వాత ఒకసారి కనపడితే ఆ నోట్‌బుక్ ఏమైందని అడిగాను. మిగిలిన పేజీల్లో పిల్ల లెక్కలు చేసుకుందంది. రెండో నాటకం ఆమె రాయలేదు.

అందుకే చెప్తున్నా, పాంప్లెట్‌లో ఆరున్నరకు అని వేస్తే ఆరున్నరకు తెర లేపు. ఎమ్మెల్యే గారు రాకపోయినా సరే, వచ్చాక కూర్చుని చూస్తారు. మాట్లాడేవాళ్లను నాటకం అయ్యాక, అది కూడా చూసిన నాటకం గురించే మాట్లాడమను. మొదటి రోజు మొదటి నాటకం పేరున్న బృందానిది కాకూడదు. పోటీలూ బహుమతులూ మాత్రం పెట్టకు, నాటక పరిషత్తులు ఆ పని చేస్తూనే ఉన్నాయి.

డబ్బుల సంగతి ఇంకోటి. బీడీ పని ఎన్ని చుడితే అంత కూలి. రిహార్సల్‌కు వచ్చిన పూట వాళ్లకు ఆ కూలి పోయినట్టే, కాబట్టి రిహార్సల్ రోజులకు కూడా లెక్కగట్టి ఇవ్వు. చందాలు చాలకపోతే ఫ్లెక్సీలు తగ్గించు. రాయడం రానివాళ్లు వాట్సాప్‌లో వాయిస్ పంపితే తీసుకో, ఎవరో ఒకరు రాసిపెడతారు. రాసేవాళ్లకు మాత్రం గట్టిగా చెప్పు, వాళ్ల మాటను సరిదిద్దొద్దని.

చిందోళ్ల పిల్లలు వస్తున్నారన్నావు కదా, ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. పట్నాల్లో స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషం కడితే జనం విరగబడి చూసిన కాలం గురించి మా నాన్న కథలు కథలుగా చెప్పేవాడు. గొప్ప నటుడు, కాదనను. అప్పుడు చాలా స్టేజీల మీద ఆడవేషాలు మగవాళ్లవే. ఆడవాళ్ల పాత్రలు ఆడవాళ్లే వేయాలని బళ్లారి రాఘవ లాంటి నటులు పోరాడాల్సి వచ్చింది. అదే కాలంలో ఇంటిల్లిపాదీ నాటకాలాడే సురభి కుటుంబాల్లో, మన చిందు మేళాల్లో ఆడవాళ్లు ఆడుతూనే ఉన్నారు! మన చిందు ఎల్లమ్మ ఈ జిల్లా మనిషే కదా. చిన్నప్పుడు మా ఊరికి మేళం వస్తే గోనెసంచులు పట్టుకెళ్లి పరుచుకుని తెల్లారేదాకా చూసేవాళ్లం. రాత్రంతా వాళ్లు మాకు దేవతలు. తెల్లారాక అదే మనుషులు చెట్టు కింద కూర్చుని తినేవాళ్లు, మా ఇళ్లలో ఒక్కరూ లోపలికి రమ్మనలేదు. అమ్మను అడిగితే ఊరుకోమంది.

కాబట్టి భోజనాలు అందరికీ ఒక్కచోటే పెట్టించు, అతిథులకు ఏసీ రూములో వేరే టేబుల్ వద్దు. డప్పు కొట్టేవాళ్లను గేటు దగ్గర నిలబెట్టి వచ్చినవాళ్లకు స్వాగతాలు చెప్పించకు. వాళ్లది కూడా నాటకమే, పాంప్లెట్‌లో రాసినవాళ్ల పేరు, ఆడేవాళ్ల పేర్లు అందరివీ ఎంత సైజులో వేస్తే వాళ్లవీ అంతే సైజులో వెయ్యి. చిందోళ్లు రాత్రంతా ఆడటానికి అలవాటుపడ్డవాళ్లు, నలభై నిమిషాల్లో ముగించమని ఫోన్లో చెప్పి వదిలెయ్యకు, వెళ్లి వాళ్లతో కూర్చుని ఏది ఉంచాలో వాళ్లనే తేల్చమను.

గ్రీన్‌రూమ్‌కు లోపల గడియ ఉందో లేదో నువ్వే వెళ్లి చూడు, బాత్రూమ్ కూడా. ఆ ట్రాన్స్‌జెండర్ అమ్మాయికి ఎక్కడ బట్టలు మార్చుకోవడం ఇష్టమో ఆమెనే అడుగు, నువ్వు నిర్ణయించకు. రాత్రి ఆడవాళ్లను ఇళ్లకు దింపే ఆటోలు ముందే మాట్లాడిపెట్టు, చివరి మనిషి ఇల్లు చేరినట్టు ఫోన్ వచ్చేదాకా నువ్వు పడుకోకు. నేనూ పడుకోను.

ఒక రోజు ముందే వస్తాను. మేకప్ పెట్టె తెస్తాను, గ్రీన్‌రూమ్ నాకు వదిలెయ్యి. పాంప్లెట్‌లో నా పేరు వద్దు, శాలువా అసలే వద్దు. నాటకాల కాగితాలు ముందు పంపించు, కళ్లు ఇదివరకటిలా లేవు, అక్షరాలు పెద్దవి చేసి ప్రింట్ తీయించి పంపు.

మీ పెద్దమ్మ