నిరమైనీకరణం, నవాసాగరం

సందేహం: డీఅమినేషన్‌ను మా స్కూల్లో ఒకరు 'విఅమైనీకరణ' అంటున్నారు, ఇంకొకరు 'అమ్మోనియా తొలగింపు' అంటున్నారు. ఏది సరైనది?
– ఒక జీవశాస్త్రం టీచర్, తెనాలి

సమాధానం: రెండోదాన్ని ముందు పక్కన పెట్టండి. డీఅమినేషన్‌లో అమైనో ఆమ్లం (ప్రొటీన్లకు ఇటుకలాంటిది) నుంచి ఊడేది ఒక నైట్రోజన్, రెండు హైడ్రోజన్లు ఉన్న అమైనో సమూహం. ఊడిన తర్వాతే అది అమ్మోనియా అవుతుంది. ఆ విషాన్ని కాలేయం యూరియాగా మారుస్తుంది. 'అమ్మోనియా తొలగింపు' అంటే పిల్లలు ఆమ్లంలో ముందే అమ్మోనియా ఉందనుకుంటారు.

అయితే అమైనో, అమ్మోనియా అనే రెండు మాటలూ ఒకే ఇంటివి. ఈజిప్టు ఎడారిలో, సీవా ఒయాసిస్‌లో అమ్మోన్ దేవుడి గుడి ఉంది. అలెగ్జాండర్ వెళ్లి దర్శించుకున్న గుడి అది. ఆ ప్రాంతపు ఉప్పును రోమన్లు 'అమ్మోన్ ఉప్పు' అన్నారు. వాళ్లన్నది మామూలు రాతి ఉప్పే కావచ్చు గానీ, రసవాదుల నాటికి ఆ పేరు అమ్మోనియం క్లోరైడుకు స్థిరపడింది. దాన్నుంచి వచ్చే వాయువుకు 1782లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు బెర్గ్‌మన్ అమ్మోనియా అని పేరు పెట్టాడు. అందులోంచి అమీన్, అమీన్‌లోంచి అమైనో పుట్టాయి. ఆ ఉప్పు మనకు కొత్తది కాదు. కళాయి వేసేవాళ్లు వేడెక్కిన ఇత్తడి గిన్నెలో చల్లే నవాసాగరం అదే. ఆ తెల్లటి పొగ, ముక్కు అదిరే ఘాటు గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ పేరులో 'నవ'కు తొమ్మిదితో గానీ కొత్తతో గానీ పని లేదు, సాగరంతో అసలే లేదు. అది పారసీక 'నౌషాదర్'కి చుట్టం, సంస్కృతంలో నవసాదరం. విన్న మాటకు మనవాళ్లు తెలిసిన రూపం తొడిగారు. ఇంత చక్కని మాట కెమిస్ట్రీ పాఠంలో వినబడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక 'విఅమైనీకరణ'లోని 'వి' సంగతి. వియోగంలో అది విడదీస్తుంది, విశుద్ధంలో బలం పెంచుతుంది. పైగా 'అ' ముందు యణాదేశం ('ఇ' పోయి 'య్' రావడం) వచ్చి 'వ్యమైనీకరణ' అవుతుంది. అది ఎవరికి అర్థమవుతుంది? సంధి చేయకుండా 'విఅ' అని అతికించడం ఇప్పుడు ఫ్యాషనైపోయింది, మానుకోవాలి. డీహైడ్రేషన్‌కి నిర్జలీకరణం కుదిరినట్టే దీనికి 'నిరమైనీకరణం' మేలనిపిస్తుంది. పరభాషా పదానికి సంస్కృత ప్రత్యయమా అంటారేమో, పాశ్చర్ పేరు మీద పాశ్చరీకరణ ఉండనే ఉంది.

ట్రాన్స్‌అమినేషన్ వేరు. అందులో ఆ సమూహం ఇంకో అణువు మీదకు మారుతుంది. డీఎన్‌ఏలో సైటోసిన్ అనే క్షారం యురాసిల్ అనే ఇంకో క్షారంగా మారడం మాత్రం డీఅమినేషనే.

నిరమైనీకరణమే రాయాలని పట్టుబట్టను. నోరు తిరగని పిల్లలకు 'అమైనో తొలగింపు' చాలు. పరీక్షలో డీఅమినేషన్ అని రాసినా మార్కులు కోయకండి.