నిల్ అని రాసిన వారం

ప్రశ్న: డాక్టరుగారూ, మా వీధిలో పది రోజుల్లో ఏడుగురికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఏఎన్ఎం అమ్మాయి వచ్చి పేర్లు, వయసులు అడిగి ట్యాబ్‌లో కొట్టుకుని వెళ్లింది. మందులు మాత్రం ఆర్ఎంపీ దగ్గరే తెచ్చుకున్నాం. ఆ లెక్క ఎక్కడికి పోతుంది? మాకు ఒరిగేదేమిటి?
– ఒక గృహిణి, తెనాలి దగ్గరి పల్లె

జవాబు: నేను డాక్టర్ని కాదమ్మా, హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరైనవాణ్ణి. ఆ లెక్కలతోనే జీతం తిన్నాను కాబట్టి చెప్పగలను.

2004లో కేంద్రం ఐడీఎస్‌పీ అని రోగాల మీద నిఘా పెట్టే పథకం తెచ్చింది. ఎస్, పీ, ఎల్ అని మూడు ఫారాలు. జ్వరం, విరేచనాలు, కామెర్లు లాంటి కంటికి కనబడే లక్షణాలు రాసే ఎస్ ఫారం మా సబ్‌సెంటర్ వాళ్లది. పీ డాక్టరుది, ఎల్ ల్యాబ్‌ది. ఆదివారంతో వారం ముగించి సోమవారం పీహెచ్‌సీలో ఇచ్చేవాళ్లం. అక్కణ్ణుంచి జిల్లాకి, రాష్ట్రానికి, ఢిల్లీకి. 2018 చివర్లో ఐహెచ్‌ఐపీ అని ఆన్‌లైన్ పద్ధతి ముందు ఏడు రాష్ట్రాల్లో పెట్టారు, మన రెండు తెలుగు రాష్ట్రాలూ అందులో ఉన్నాయి. మీరు చూసిన ట్యాబ్ దానికే.

ఇక ఒరిగేదంటారా? ఓ వానాకాలం ఒక ఊరి ఫారంలో విరేచనాల గడిలో ‘నిల్’ అని వచ్చింది. సంతకం గీకి పంపేశాను. బుధవారం ఆ ఊళ్లో టీ తాగుతుంటే కిరాణా కొట్టాయన, ‘ఓఆర్ఎస్ ప్యాకెట్లు అయిపోయాయండీ, మళ్లీ తెప్పించాలి’ అన్నాడు. గ్లాసు అక్కడే పెట్టి లేచాను. ఒక్క బజారులోనే పదకొండు మంది మంచాన ఉన్నారు. అందరూ ఆర్ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకున్నవాళ్లే, మా లెక్కలో ఒక్కరూ లేరు. వీధి కుళాయి నీళ్లు హెచ్‌టూఎస్ సీసాలో పట్టి ఇంట్లో బీరువా మీద పెట్టాను. మురికి కలిసిన నీళ్లయితే నల్లబడే పరీక్ష సీసా అది. మర్నాటికి కాటుకలా నల్లబడ్డాయి. మురుక్కాలవలోంచి పోయే పైపుకి చీలిక, దానికి సైకిల్ ట్యూబు చుట్టి ఉంది!

పైపు మా శాఖది కాదు, పంచాయతీది. మా కాగితం ఢిల్లీ దాకా వెళ్లేది గానీ, సబ్‌సెంటర్ ఎదురుగా ఉన్న పంచాయతీ ఆఫీసుకి వెళ్లేది కాదు. సర్వీసంతా నాకు మింగుడుపడనిది ఇదే.

కాబట్టి మందులు ఎక్కడ తెచ్చుకున్నా, కొత్తగా ఎవరు పడకేసినా ఏఎన్ఎంకో ఆశాకో ఆరోజే చెప్పండి. పంచాయతీ కార్యదర్శికి విడిగా ఒక అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. నీళ్ల పరీక్ష సీసా ఉందేమో ఆ అమ్మాయినే అడగండి. అందాకా నీళ్లు కాచి చల్లార్చి తాగండి. ఇంతకీ ఆ ఏడుగురివీ ఒకే కుళాయి నీళ్లా? ఉత్తరంలో అది రాయలేదు మీరు. అర్జీలో మాత్రం రాయండి.