వేడెక్కితే ఆగే పికప్

ప్రశ్న: మాస్టారూ, హ్యూస్టన్‌లో ఉంటాను. నా 1995 పికప్‌కి 6.5 లీటర్ల టర్బో డీజిల్ ఇంజిన్. ఎండలో గంటసేపు నడిపి బంకులో ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదు. అరగంట పోయాక ఏమీ ఎరగనట్టు లేస్తుంది. ఇంజిన్‌లోకి డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపు మార్చాలా?

జవాబు: పంపు జోలికి అప్పుడే పోకండి బాబూ. ఆ పంపు పక్కకే బిగించిన డ్రైవర్ మాడ్యూల్, అంటే పంపుని నడిపే ఎలక్ట్రానిక్ డబ్బా మీద నాకు అనుమానం. రెండు పవర్ ట్రాన్సిస్టర్లున్న ఆ డబ్బాని తీసుకెళ్ళి ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి పంపే గొట్టాల దిమ్మ) కింద, ఇంజిన్ నడిమి లోయలో పెట్టారు, పొయ్యి పక్కన వెన్నముద్దలాగా! బండి నడుస్తున్నంతసేపూ పారే డీజిలే దాన్ని చల్లబరుస్తుంది. ఇంజిన్ ఆపగానే పారడం ఆగుతుంది, కింది వేడంతా దానికెక్కుతుంది, చల్లారేదాకా అది పనిచేయదు.

ముందు ట్యాంకులోంచి డీజిల్ తెచ్చే లిఫ్ట్ పంపు చూడండి. ఇంజిన్ నడుస్తుండగా ఫిల్టర్ నీళ్ళ డ్రెయిన్ తిప్పితే డీజిల్ ధారగా రావాలి. రాకపోతే దోషం అక్కడే.

వస్తే కొత్త మాడ్యూల్, వేడిని లాగేసే రెక్కల అల్యూమినియం హీట్ సింక్, పొడుగు హార్నెస్ (వైర్ల కట్ట) కొనండి. మాడ్యూల్‌కీ హీట్ సింక్‌కీ మధ్యలో వేడిని దాటించే థర్మల్ పేస్టు పల్చగా రాయాలి, వెన్నపూసలా మెత్తితే వేడి దిగదు. ముందు బంపర్ వెనక, గాలి తగిలేచోట బిగించండి. మానిఫోల్డ్ మీద పెట్టే కిట్లూ అమ్ముతారు. అది పెనం మీంచి పొయ్యిలోకే. పాత డబ్బాని ఊడదీసే శ్రమ వద్దు, ప్లగ్గు తీసి వదిలేయండి. దాని సాకెట్‌లోని చిన్న రెసిస్టర్‌ని మాత్రం కొత్తదాంట్లోకి మార్చడం మరవకండి.