బ్యాంకుల చరిత్ర చదువుతానంటే బ్యాంక్ కోచింగ్‌కి పంపేయాలా?

పలాస నుంచి ఒక నాన్నగారు అడిగారు. పాప బీఏ ఎకనామిక్స్ ఫైనలియర్ అంట, ఏ దేశంలో బ్యాంకులు ఎలా పుట్టాయి, ఒక చోట ముందు ఇంకోచోట ఆలస్యం ఎందుకు, అది చదువుతానంటోందంట. ఫిన్‌టెక్ (బ్యాంకు, అప్పుల పనులకి వాడే టెక్నాలజీ) కోర్సా, బ్యాంక్ ఆఫీసర్ పరీక్షకి పీవో కోచింగా, ఎందులో వేస్తే బెటర్ అని ఆయన ప్రశ్న.

మాస్టారూ, పాప అడిగింది ఆ రెండిట్లో లేనే లేదు, చూసుకున్నారా?

ఫిన్‌టెక్ సంగతి ముందు చెప్తాను, ఈ మధ్య వారానికొకరు ఇదే అడుగుతున్నారు. నాకైతే నమ్మకం లేదు. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని లక్షలు కట్టించుకుని, చివరికి లోన్లు అమ్మే సేల్స్ ఉద్యోగంలో పడేసిన కేసులు నా దగ్గరికే వచ్చాయి. కోడింగ్, లెక్కలు గట్టిగా వచ్చిన పిల్లలకి ఆ కోర్సు లేకపోయినా పని దొరుకుతుంది, రాని పిల్లలకి సర్టిఫికెట్ వల్ల ఒరిగేదేం లేదు. ఈఎంఐ మీద కట్టే ఆలోచన ఉంటే ఇక్కడే ఆపేయండి.

పీవో కోచింగ్ తప్పు కాదు, ఎంఏ అయ్యాక కూడా రాసుకోవచ్చు, అదెక్కడికీ పోదు.

ఇక "ఆ చరిత్ర ఎవడిక్కావాలి" అన్నారు చూడండి, దానికి కొంచెం కోపం వచ్చింది. మీరు పంట లోన్ తెచ్చుకునే సొసైటీ ఎక్కడిదనుకున్నారు? మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1892లో, ప్రభుత్వం నికల్సన్ అనే ఆఫీసర్ని యూరప్‌లో రైతులకి అప్పులెలా పుడుతున్నాయో చూసి రమ్మంది, ఆయన జర్మనీలో రైఫైజన్ అనే ఆయన పెట్టించిన పల్లెటూరి సొసైటీలు చూసి ఇదే మనకీ కావాలని రిపోర్టు రాశాడు, 1904లో సహకార చట్టం వచ్చింది. మీ పాప అడిగే ప్రశ్నే అది. జపాన్‌కి 1882లోనే సెంట్రల్ బ్యాంక్, అంటే మన ఆర్‌బీఐ లాంటిది, ఉంది, అంత పెద్ద అమెరికా రెండుసార్లు పెట్టి మూసేసి మళ్లీ 1913 దాకా ఆగింది, మనకి ఆర్‌బీఐ 1935లో వచ్చింది, ఎందుకలా? 1930ల్లో బ్యాంకులు కూలిన కథ తవ్వి చదివిన బెర్నాంకీ అనే ఎకనామిస్టే 2008 ఆర్థిక సంక్షోభంలో అమెరికా సెంట్రల్ బ్యాంక్ ఫెడ్‌ని నడిపాడు, 2022లో నోబెల్ కూడా తీసుకున్నాడు. మరి పనికిరాని చదువంటారా?

అసలు మీ భయం ఇది కాదులెండి. చుట్టాలు "పాప ఏం చేస్తోంది" అంటే ఏం చెప్పాలి, పెళ్లికి ముందు ఉద్యోగం రాకపోతే ఎలా, అంతే కదా? దానికి పిల్ల ఇష్టాన్ని తాకట్టు పెట్టకండి.

ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. ఎంఏ హిస్టరీలో కాదు, ఎకనామిక్స్‌లోనే చెయ్యమనండి. ఆంధ్రా యూనివర్సిటీ అయినా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అయినా సరే. అప్పుడు ఆర్‌బీఐ రీసెర్చ్ ఆఫీసర్ పోస్టులు, యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్, రెండూ రాయొచ్చు, ముప్పై ఏళ్లలోపే ప్రయత్నించాలి. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకి 37,000 స్టైపెండ్ వస్తుంది, పీహెచ్‌డీలో ఈ బ్యాంకుల చరిత్రే పట్టుకోవచ్చు, ఆర్‌బీఐ పాత రికార్డులు పుణెలో దాని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

పాప ఇంటర్ సీఈసీ అన్నారు కాబట్టి లెక్కల దగ్గరే ఇబ్బంది పడుతుంది. ఫిన్‌టెక్‌కి కడదామనుకున్న డబ్బులో కొంచెం తీసి, ఈ వేసవిలోనే కాలిక్యులస్, స్టాటిస్టిక్స్‌కి ట్యూషన్ పెట్టించండి.