షాక్ వేవ్‌తో కిడ్నీలో రాయి ఎలా పగులుతుంది? కరెంటు షాక్ ఇస్తారా?

మీ నాన్నగారి కిడ్నీలో 9 మిల్లీమీటర్ల రాయి ఉంది, షాక్ వేవ్ అంటే కరెంటు పెడతారేమోనని భయంగా ఉంది అన్నారు. కాదండీ, టెన్షన్ పడకండి. అవి ధ్వని తరంగాలు. ఎక్స్‌రేలోనో అల్ట్రాసౌండ్‌లోనో రాయిని చూస్తూ, తరంగాలన్నీ ఆ ఒక్క చోటే కలిసేలా ఒంటి బయటినుంచి గురిపెడతారు. సుమారు గంటసేపట్లో రెండు మూడు వేల దెబ్బలు పడి రాయి పొడిపొడిగా నలుగుతుంది. కోత ఉండదు. 1980లో మ్యూనిక్‌లో మొదటిసారి చేశారు. ఆ యంత్రం తయారుచేసింది డోర్నియర్ అనే విమానాల కంపెనీ!

అన్ని రాళ్లకూ ఇది కుదరదు. 2 సెంటీమీటర్లు దాటినా, సీటీ స్కాన్‌లో బాగా గట్టిదని తేలినా వేరే పద్ధతే మేలు. రాయి కిడ్నీ అడుగున ఉంటే ముక్కలు బయటికి రావడం కష్టం. గర్భిణులకు చేయరు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి, సొంతంగా మాత్రం ఆపకండి.

తర్వాత ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా రావచ్చు. పాత టీ జాలీతో మూత్రాన్ని వడగట్టి, అందులో మిగిలిన ఇసుకలాంటి పలుకులను ల్యాబ్‌కు ఇవ్వండి. రాయి ఏ రకమో అప్పుడే తెలుస్తుంది. చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా తెల్లారేదాకా చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.