తేరు రోజున పుట్టిన నా స్నేహితుడు

"చనిపోయిన స్నేహితుడి పుట్టినరోజు వస్తే మీరేం చేస్తారు?" అని ఒకరు నన్ను అడిగారు. నేనైతే బీరువాలోంచి ఒక పాత పంచె మూట తీసి విప్పుతాను. అందులో ఇరవై కలంకారీ గుడ్డలుంటాయి, ఒక్కోటి జేబురుమాలు కంటే కాస్త పెద్దది. అన్నిటి మీదా కన్నప్పే.

నా స్నేహితుడిది శ్రీకాళహస్తి, కలంకారీ బొమ్మలు వేసేవాడు. బడిలో అయ్యవారు రాసేసిన పుట్టిన తేదీ జూలై 1. ఫేస్‌బుక్ ఇప్పటికీ ఆ రోజే గుర్తుచేస్తుంది. వాళ్ళమ్మ మాత్రం, శివరాత్రి మర్నాడు మాడ వీధుల్లో తేరు కదిలే వేళకి పుట్టాడనేది. మాకు ఆవిడ మాటే లెక్క. అందుకే కొత్త క్యాలెండర్ రాగానే ముందు శివరాత్రి ఎప్పుడో చూసుకుంటాను.

మాది తిరుపతి. సెలవు దొరికితే బస్సెక్కి వెళ్ళి అతని పక్కన కూర్చునేవాణ్ణి. గేదె పాలలో కరక్కాయ పొడి కలిపి, గుడ్డను అందులో ముంచి ఆరబెట్టేవాడు. పాలు లేకపోతే గీత పాకిపోతుందట. ఇనుప ముక్కలు, బెల్లం రోజుల తరబడి నీళ్ళలో ఊరబెడితే కసిం తయారవుతుంది. వెదురు పుల్లకి చుట్టిన గుడ్డను కసింలో ముంచి, వేళ్ళతో మెల్లగా నొక్కుతూ గీత లాగేవాడు. కరక్కాయ పట్టిన గుడ్డకి తగలగానే అది నల్లబడుతుంది, ఇక చెరపడం కుదరదు. ఎరుపు సంగతి వేరు. ముందు పటిక నీళ్ళతో బొమ్మ నింపుతారు. ఆ తర్వాత ఎర్ర రంగునిచ్చే వేళ్ళూ చెక్కలూ వేసి ఉడికిస్తే, పటిక తగిలిన చోటల్లా ఎరుపు లేస్తుంది. ఉతకడం స్వర్ణముఖిలో. "పారే నీళ్ళు కావాల సామీ, వదిలిన రంగు పక్కకి అంటకుండా కొట్టుకపోవాల" అనేవాడు. ఏరు ఎండిన నెలల్లో అతని ముఖం చూడలేకపోయేవాణ్ణి.

1999 నుంచి ప్రతి పుట్టినరోజుకీ ఒక చిన్న కన్నప్పను వేసి నా చేతిలో పెట్టేవాడు. ఒక కన్ను ఇచ్చేసి, రెండోదీ పెకలించబోతూ, చోటు గుర్తుండాలని లింగం మీద కాలు పెట్టిన కన్నప్ప. అతని దిగులంతా ఆ బొటనవేలి గురించే. "తొక్కినట్టు ఉండకూడదబ్బా. చీకట్లో బిడ్డ మొహం తడిమి చూసినట్టుండాల." మొదటి గుడ్డ మీద వేలు బిర్రబిగిసి ఉంటుంది. ఏడెనిమిదేళ్ళు గడిచేసరికి కొంచెం వంగింది. 2018 నాటి చివరి గుడ్డలో వేలి గీతకీ లింగం గీతకీ మధ్య వెంట్రుకవాసి సందు వదిలాడు. అయినా తాకినట్టే కనిపిస్తుంది. అలా ఎలా కుదిరిందో ఎన్నిసార్లు చూసినా నాకు అంతుపట్టదు.

ఆ ఏడాదే కార్తీకంలో గుండెపోటుతో పోయాడు.

ఇప్పుడు అతని పుట్టినరోజు పొద్దున్నే వాళ్ళావిడకి ఫోన్ చేస్తాను. మీరూ అలా మీ స్నేహితుడి ఇంట్లోవాళ్ళతో మాట్లాడండి. వాళ్ళను బాధపెడతామేమో అని మనం టెన్షన్ పడతాం గానీ, ఆయన పేరు ఇంకొకరి నోట వినాలని వాళ్ళు ఎదురుచూస్తుంటారు. తర్వాత గుడ్డలు నేల మీద వరసగా పరుస్తాను, ఎండ తగలని చోట. పసుపు చాలావరకు వెలిసింది. నలుపు, ఎరుపు అలాగే ఉన్నాయి.

మొన్న శివరాత్రికి వాళ్ళబ్బాయి వచ్చాడు, చెన్నైలో ఉద్యోగం. ఒకటి తీసుకోరా అన్నాను. చివరిదే అడుగుతాడనుకుని, ఇవ్వగలనా అని లోపల గుంజాటన పడ్డాను. వాడు మోకాళ్ళ మీద కూర్చుని ఇరవై వేళ్ళూ ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి మొదటిది చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది ఇయ్యి మామా. నేను పుట్టిన ఏడాదిది."